పేరు చెరిగిన టేపు

తెల్లారుజామున గిరింపేటలో కరెంటు పోయింది.
ఫ్యాను ఆగితేగాని మెలకువ రాదు నాకు.
ముప్పై ఏళ్ళు మోతలో నిద్రపోయినోడికి
నిశ్శబ్దమే గదా అలారం.

మురకంబట్టు దాటినాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటుండాది,
దాంట్లో నేను జనరేటర్ల మనిషిని.
జూన్ వస్తే తోతాపురి లారీలు
రోడ్డు పొడవునా నిలబడి కుళ్ళతా ఉంటాయి,
టైర్ల నీడన పడుకున్న రైతులు
రేటునీ, రేటు చెప్పినోడినీ కలిపి తిడతా ఉంటారు.
లోపల నా రెండో నంబరు జనరేటరు
అచ్చం ఆ పాట మొదట్లో గిటారు మాదిరే గుర్రుమంటాది.
బేరింగు పోయిందంటాడు సూపర్‌వైజరు.
బేరింగు కాదప్పా, బేసు.

ఆ పాటంటే,
తొంభై నాలుగులో వేలూరు బస్టాండు కాడ
పదహైదు రూపాయలకి కొన్న టేపు.
వానకి తడిసి లేబులు చెరిగిపోయుండాది.
"ఇంగ్లీషు. గట్టిగా ఉంటాది" అన్నాడు అమ్మినోడు, అంతే.
బ్యాండు పేరు తెలీదు.
పాడినోడు బతికుండాడో లేదో తెలీదు.
ఏమంటా ఉండాడో సగం ఇప్పటికీ తెలీదు.
కోపంగా ఉండాడని తెలుసు.
పాలిటెక్నిక్ తప్పిన ఆ ఏడు
నా తరపున అరిచేదానికి
ఒక మనిషి దొరికినాడు.

కొత్తగా వచ్చినప్పుడు అముద అడిగింది,
"ఆయప్పకి కడుపునొప్పా?"
ఇరవై రెండేళ్ళయింది.
ఇప్పుడు కుట్టుమిషను తొక్కతా తొక్కతా
రెండో పాటలో డ్రమ్ములు ఆగే చోట తనూ కాలు ఆపేస్తాది.
ఆపినావు గదా అంటే ఒప్పుకోదు.
దారం తెగిందంటాది.
ప్రతిసారీ ఆడనే తెగుతాది దారం.

మా యమ్మ సంగతి వేరే.
కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది దయ తలిస్తే పనిచేస్తాది.
స్పీకరు డబ్బా మింద చేతులానించి కూచోనుంటాది.
"వెచ్చగా అదురుతాదిరా, తిమ్మిరి పోతాది."
నేను ఇంకో గీత పెంచుతా.

పోయిన ఆదివారం
(మటన్ తెచ్చినా, కిలో తొమ్మిదొందలు, అదొక ఏడుపు)
ధన్యశ్రీ ఊరికే ఫోను పైకెత్తి పాటకి చూపించింది.
నాలుగు సెకన్లు.
"నాయినా, పేరు దొరికింది!"

నాలుగు సెకన్లు.
తిరుపతిలో యూనివర్సిటీ పిల్లోళ్ళ ముందర
నోటితో గిటారు వాయించి నవ్వులపాలైనోడిని నేను.

"చెప్పొద్దు" అన్నా.

నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది బిడ్డ.
ఎందుకన్నానో నాకే తెలీదు.
పేరొస్తే ఊరొస్తాది,
ఊరొస్తే మొహాలు, జుట్లు, విడాకులు, చావులు.
ఇన్నాళ్ళూ ఆ గొంతుకి
మా మునిరత్నం మామ మొహం పెట్టుకోనుండా.
లారీ క్లీనరు.
మొగిలి ఘాట్లో బండితో పాటు దిగిపోయినాడు.
అరిచే ఉంటాడు గదా.
ఎవరూ వినలేదు.

ఇదంతా చెప్పలేదు.
చెప్తే నవ్వుతారు, లేకపోతే ఏడస్తారు,
కూర చల్లారిపోతాది.
అముదే గరిటె ఊపతా,
"పేరు తెలిస్తే చెడిపోతాదంటే
పిల్లకి కూడా పెట్టకుండా ఉండాల్సింది" అనింది.
గమ్మునుండు మేయ్ అన్నా.

సోమవారం మదనపల్లె బస్సెక్కే ముందు
ధన్యశ్రీ రికార్డు పుస్తకంలో కాయితం చించి
ఏదో రాసి, నాలుగు మడతలు పెట్టి,
టేపు డబ్బాలో దూర్చింది.
"ఆడ ఉండాది. నీ ఇష్టం."
మొదటి అక్షరం మాత్రం చెప్తానని బస్సు కిటికీలోంచి ఏడిపించింది.
చెవులు మూసుకున్నా, జనమంతా చూస్తా ఉండంగా.

ఇప్పుడు చీకట్లో ఆ డబ్బా నా చేతిలో ఉండాది.
మడతలు వేళ్ళకి తగులుతా ఉండాయి.
విప్పినా కనపడదు, అందుకే ధైర్యంగా పట్టుకోనుండా.

కరెంటొచ్చింది.
ఫ్యాను కదిలింది, ఫ్రిజ్జు మూలిగింది,
పక్క గదిలోంచి అమ్మ,
"ఆ పెట్టె వెయ్యరా, చెయ్యి తిమ్మిరెక్కింది."

కాయితం పక్కన పెట్టి టేపు తీసినా.
వదులైపోయుండాది, చుట్టాల.
పెన్సిలు యాడా కనపడలేదు.
ధన్యశ్రీ తీసుకోని పోయినట్టుంది.